శిల్పి నాయన పోయాక మా ఇంట్లో పంపకాలు: ముందు బయానాలు, ఆ తర్వాతే భాగాలు

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జమ్మలమడుగు దగ్గర పల్లె, నాయన వడ్రంగి, ఎనిమిది నెలల కింద పోయారు, వీలునామా రాయలేదు. ఒక మిద్దె, రెండెకరాల పొలం, రోడ్డు పక్కన పనిషెడ్డు, అందులో మిషన్లు. పదిహేనేళ్లుగా ఆయన పక్కన నిలబడి పని చేసింది మీరొక్కరే. ఇప్పుడు అన్నలిద్దరూ షెడ్డులో సామానంతా అమ్మి పంచుకుందాం అంటున్నారు. అక్కకు పెళ్లిలో పెట్టినాం కదా, ఇంకేం రాదు అంటున్నారు. ఏం చేయాలని అడిగారు.

నేను వకీలును కాను. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మా నాయన రాతి శిల్పి, దేవుడి విగ్రహాలు చేసేవాడు. 2021లో, జ్వరం వచ్చిన తొమ్మిదో రోజు పోయినాడు. మా అన్న బెంగళూరులో ఉద్యోగం, తమ్ముడు నాయనతోనే ఉలి పట్టుకున్నాడు, మధ్యలో నేను. అంటే మీ ఇంట్లో మీ అక్క ఎక్కడుందో మా ఇంట్లో నేను అక్కడున్నాను. అది మనసులో పెట్టుకుని చదవండి.

పొలం, ఇల్లు తర్వాత. ముందు మీ నాయన ఎవరెవరికి ఏమేం చేసిస్తానని ఒప్పుకున్నారో ఆ లెక్క తీయండి. పనివాడి ఇంట్లో పంపకం అక్కడ మొదలవ్వాలి. మేము అక్కడ మొదలుపెట్టలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాయన పోయిన వారానికి బ్యాంకు పాసుబుక్కులో రెండు లక్షల పది వేలు కనిపించింది. అమ్మకు, ఇద్దరు కొడుకులకు తలా డెబ్బై వేలని అన్న అప్పటికప్పుడు లెక్క కట్టేశాడు. నాయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న డైరీ ఉండేది. దాన్ని అమ్మ దేవుడి గూట్లో పెట్టింది. నేను తీసి చదివాను. అందులో మనుషుల పేర్లు లేవు. ఊరు పేరు, దేవుడి పేరు, ఎత్తు ఎన్ని అడుగులు, ఒప్పుకున్న రేటు, పుచ్చుకున్న బయానా, అంతే. నాలుగు పనులకు కలిపి లక్షా తొంభై వేలు బయానా తీసుకున్నాడు. బ్యాంకులో ఉన్న దాంట్లో మాది అనదగ్గది ఇరవై వేలు.

షెడ్డులో పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నవగ్రహాల్లో ఎనిమిది అయిపోయినాయి, కేతువు ఒక్కటే మిగిలింది. నందికి నునుపు పట్టాలి. ఒక ఊరి అమ్మవారికి ఇంకా రాయి కూడా తేలేదు. ఐదడుగుల ఆంజనేయస్వామికి ఒళ్లంతా అయింది, తోక మీద గంట కూడా వచ్చింది, ముఖం మాత్రం దిమ్మగానే ఉంది. నాయన ముఖం ఆఖరుకు పెట్టుకునేవాడు. కళ్లయితే గుడిలో ప్రతిష్ఠ రోజే తెరుస్తారు. ఆ దిమ్మ మీద ఆయన ఎర్రమట్టితో గీసిన నడిమి గీత, కళ్ల దగ్గర ఒకటి, ముక్కు కింద ఒకటి అడ్డగీతలు అట్లే ఉన్నాయి. అమ్మ ఆ గీతలు చెరగకుండా పాత పంచె కప్పి పెట్టింది.

చట్టం ఏమంటుందో నంద్యాలలో ఒక వకీలు మాకు వివరంగా చెప్పాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 37వ సెక్షన్లోనే ఒక ఉదాహరణ ఉందట. బొమ్మ గీసిస్తానని ఒప్పుకున్న చిత్రకారుడు ఆ లోపే చనిపోతే, గీయించి ఇవ్వమని పని ఒప్పజెప్పినవాళ్లు వారసుల్ని అడగలేరు, మేము గీయిస్తాం డబ్బివ్వండని వారసులూ వాళ్లను అడగలేరు. ఎందుకంటే ఆ ఒప్పందం ఆ మనిషి చేతి పనితనాన్ని నమ్ముకుని చేసుకున్నది. శిల్పానికీ అదే వర్తిస్తుందన్నాడు. కానీ పని జరగనప్పుడు పుచ్చుకున్న బయానా మాత్రం వెనక్కి ఇవ్వాల్సిందే. మీ నాయన పని కొంచెం వేరు తమ్ముడూ. మామూలు తలుపులు, కిటికీలు ఇంకో వడ్రంగి కూడా చేయగలడు కాబట్టి, వాటిని చేయించి ఇవ్వాల్సిన బాధ్యత వారసుల మీద పడొచ్చు. నగిషీ చెక్కిన సింహద్వారం లాంటిది మీ నాయన్ను చూసే ఇచ్చిన పని అనుకుంటే అది వేరే లెక్క. ఏది ఏదో మీకే బాగా తెలుస్తుంది.

ఇంకొకటి, మీ షెడ్డులో ఉన్న కొయ్యంతా మీ నాయనది కాదు. టేకు, వేప ఇళ్లవాళ్లే తెచ్చి వేసి ఉంటారు కదా. మీ అన్నలు సామాను అమ్మే మాట ఎత్తినప్పుడు ముందు ఇది చెప్పండి. ఎవరి కొయ్య వాళ్ల పేరున సుద్దతో రాసి, పక్కకు పేర్చి, ఫోటో తీసి పెట్టుకోండి. అది పంపకంలోకి రాదు. అమ్మితే కేసవుతుంది.

మేము ఏం చేశామంటే, నేనూ తమ్ముడూ బండి మీద నాలుగు ఊళ్లూ తిరిగాం. రాయి తేని అమ్మవారి బయానా నలభై వేలు తిరిగిచ్చేశాం, ఆ ఊరి పెద్దమనిషి చేత డైరీలో ఆ పేజీ కిందే సంతకం పెట్టించుకున్నాం. నంది, నవగ్రహాలు తమ్ముడు పూర్తి చేస్తే చాలన్నారు. ఆంజనేయస్వామి దగ్గరే చిక్కు వచ్చింది. ఆ ఊరి కమిటీ వాళ్లు ఐదుగురు షెడ్డుకు వచ్చి, పంచె తీసి చాలాసేపు చూశారు. వాళ్లలో పెద్దాయన తమ్ముణ్ని, “మీ నాయన గీసిన గీత మీదనే పోతావా?” అని అడిగాడు. “గీత దాటను మామా” అన్నాడు వీడు. ఇంకేమీ అడగలేదు ఆయన. పంతొమ్మిది రోజులు పట్టింది ముఖానికి. ఆ పంతొమ్మిది రోజులూ ఇంట్లో ఎవరం పంపకం మాట ఎత్తలేదు. అన్న కూడా ఎత్తలేదు.

ఇక పనిముట్లు.

రాయి కొట్టే ఉలికి పిడి ఉండదు, మొత్తం ఇనుమే. మొన మొద్దుబారితే కమ్మరి దగ్గర కాల్చి, సాగదీసి, నీళ్లలో ముంచి పదును పెట్టిస్తారు. పెట్టించినప్పుడల్లా కాస్త పొట్టిదవుతుంది. పైన సుత్తి దెబ్బలకు తల పువ్వులా విచ్చుకుంటుంది. నాయన ఉలి ఒకటి జానెడు పైన ఉండాల్సింది, నాలుగు వేళ్ల పొడుగు మిగిలింది. కనురెప్పలకు, గోళ్లకు దాన్నే వాడేవాడు. పాత ఇనుము వాడికి తూకానికి వేస్తే ఐదు రూపాయలు కూడా రావు. దసరాకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేది దానికే. మీ ఇంట్లో బాడిసె, చిత్రిక, బరమా కూడా అట్లాంటివే అయ్యుంటాయి. వాటికి వెల కట్టి పంచుకోవద్దు తమ్ముడూ. పని చేసే చేతికి ఇవ్వండి, మిగతావాళ్లు కావాలంటే తలా ఒకటి గుర్తుగా పెట్టుకోండి. మా అన్న మట్టం తీసుకున్నాడు. నేను కంపాసు తీసుకున్నాను.

మిషన్ల సంగతి అట్లా కాదు. కట్టర్, గ్రైండర్లు, కంప్రెసర్, రాయి లేపే చైన్ పుల్లీ, ఇవన్నీ డబ్బు. మీ షెడ్డులో రంపం మిషను, చిత్రిక మిషను ఉంటాయి. అమ్మేద్దాం అని అన్న మా ఇంట్లోనూ అన్నాడు. సెకండ్ హ్యాండులో వచ్చేది సగం కూడా కాదు, తమ్ముడి బతుకు మాత్రం మొత్తం పోతుంది. ఇంకో ఊరి శిల్పిని, మాకు చుట్టం కానివాణ్ని పిలిచి వెల కట్టించాం. లక్షా నలభై వేలన్నాడు. దాన్ని తమ్ముడు తన భాగం కిందే తీసుకున్నాడు, మిగతావాళ్లకు రావాల్సింది ఇంటి దగ్గర సర్దుబాటు చేశాం. మీరూ అమ్మొద్దని బతిమాలుకోవద్దు. వెల కట్టించి, నా భాగంలో వేయండని అడగండి. అది దానం అడగడం కాదు.

అప్పులవాడొకడు వచ్చి అప్పు నోటు చూపించి పనిముట్లు ఎత్తుకుపోతా అని బెదిరించాడు. కోర్టు డిక్రీ ఉన్నా సరే, చేతివృత్తివాడి పనిముట్లు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్లో ఉంది. డిక్రీయే లేనివాడికి గేటు లోపలికి వచ్చే హక్కెక్కడిది? ఆ మాట చెప్పగానే నెమ్మదించాడు. నాయన అప్పు నిజమే, మేము తీర్చాం. కానీ గుర్తుంచుకోండి, తండ్రి అప్పుకు వారసులు తమ చేతికొచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత సంపాదనలోంచి కట్టాలని లేదు. ప్రామిసరీ నోటుకు మామూలుగా మూడేళ్ల గడువు. తిరగరాసివ్వమని అడుగుతారు, వకీలుకు చూపించకుండా మీ పేరున రాసివ్వొద్దు. అమ్మ నగలు తాకట్టులో ఉంటే అవి అమ్మ సొంతం, నాయన ఆస్తిలో కలపొద్దు.

ఇప్పుడు భాగాలు. హిందూ కుటుంబాలకు వర్తించేదే చెప్తున్నా, ముస్లింలకు, క్రైస్తవులకు లెక్కలు వేరు.

మా ఇల్లు, షెడ్డు నాయన స్వార్జితం. 1956 వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోతే స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, పోయినాయన తల్లికి సమానంగా పోతుంది. ఆ చివరి మాట చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. మా అవ్వ అప్పటికి ఎనభై దాటి పంచలో మంచం మీద ఉండేది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి సచివాలయంలో అర్జీ పెడితే, విచారణకు వచ్చినాయన అడిగిన మొదటి ప్రశ్నే, “వాళ్లమ్మ ఉందా?” అని. కొడుకును పోగొట్టుకుని అన్నం మానేసిన మనిషిని మేము లెక్కలోనే వేసుకోలేదు. నాకు ఇప్పటికీ అది బాధే. అమ్మ, అవ్వ, అన్న, తమ్ముడు, నేను, మొత్తం ఐదు సమాన భాగాలు.

పొలం పిత్రార్జితం. మా తాత బతికున్నప్పుడే నాయనకు, చిన్నాయనకు పంచి రాసిచ్చిన రెండెకరాలు. దాని లెక్క వేరు. ముందు నాయన, ముగ్గురు పిల్లలం, నలుగురి మధ్య పంచినట్టు అనుకోవాలి, తలా యాభై సెంట్లు. ఆ నాయన యాభై సెంట్లు మళ్లీ ఐదుగురికి, తలా పది. అంటే పిల్లలకు అరవై సెంట్ల చొప్పున, అమ్మకు పది, అవ్వకు పది. మీరూ మీ పొలం పత్రాలు తీసి, తాతల నుంచి వచ్చిందా, మీ నాయన కొన్నారా అని ముందు తేల్చుకోండి. ప్రభుత్వం సాగుకిచ్చిన డీకేటీ పట్టా అయితే అది ఇంకో రకం, వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి షరతులుంటాయి.

అవ్వ భాగంలో ఇంకో మెలిక ఉంది. ఆమె ఏమీ రాయకుండా పోతే, ఆమెకు వచ్చిన భాగం మాతో పాటు చిన్నాయనకు, మేనత్తకు కూడా వెళ్తుంది. వాళ్లు మంచివాళ్లే, అయినా షెడ్డులో ఐదో వంతుకు ఇంకో ఇద్దరు వాటాదారులైతే తమ్ముడి గతేంటి? అవ్వకు విషయమంతా చెప్పాం, దాచిపెట్టి వేలిముద్ర వేయించుకోలేదు. “నా కోడలికే రాయండి, నన్ను చూసేది అదే కదా” అంది. అమ్మ పేరున దానసెటిల్‌మెంట్ రిజిస్టరు చేయించింది. మీ జేజి, అంటే మీ నాయన తల్లి, ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ పని వాయిదా వేయొద్దు.

మీ అక్క సంగతికి వస్తాను.

దినాల రోజు, చుట్టాలు ఇంకా విస్తళ్ల ముందు ఉండగానే, అన్న ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. పసుపు కుంకుమ కింద నాకు రావాల్సిందంతా ముట్టింది, ఇక ఏ హక్కూ లేదు అని టైపు చేయించి ఉంది. మా అన్న చెడ్డవాడు కాదు. ఊళ్లో అందరూ అట్లే చేస్తారని చేశాడు. నేను పెన్ను తీసుకోలేదు. “నాయన నన్ను ముగ్గుర్లో ఒకరని అనుకున్నాడా, ఇద్దరు కొడుకులు, ఒక ఖర్చు అనుకున్నాడా?” అని అడిగాను. అన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు నెలలు ఫోన్ చేయలేదు నాకు.

చట్టం ఎప్పటినుంచో స్పష్టంగా ఉంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ వర్తించే సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది, అందులో పెళ్లయినవాళ్లు, కానివాళ్లు అన్న తేడా లేదు. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. కట్నం ఇచ్చినాం అన్నది హక్కును చెరిపేయదు. అక్క సంతకం లేకుండా మీ అన్నలు పంచుకుంటే, ఆ పొలం రేపు కొనేవాడికి గానీ అప్పిచ్చే బ్యాంకుకు గానీ అది లొసుగుగానే కనిపిస్తుంది.

అది చట్టం మాట. నా మాట ఇంకొకటి ఉంది. మీ అక్కను కూర్చోబెట్టి, “నీకేం కావాలి అక్కా?” అని అడగండి. సంతకం పెట్టమని అడగడం వేరు, ఏం కావాలని అడగడం వేరు. నన్ను అట్లా అడిగింది తమ్ముడు. నేను పొలంలో నా అరవై సెంట్లు ఉంచుకున్నాను, ఇప్పటికీ శనగ వేయిస్తున్నా. ఇల్లు, షెడ్డులో నా ఐదో వంతు తమ్ముడి పేరున హక్కు విడుదల రాసిచ్చాను. నన్నెవరూ బలవంతం చేయలేదు కాబట్టి రాసివ్వగలిగాను. అన్న కూడా చివరికి షెడ్డు వదులుకుని, పొలంలో రోడ్డు వైపు ముక్క తీసుకున్నాడు.

మీ పదిహేనేళ్ల కష్టం మాటేమిటని మీరు అడగబోతారు. నిజం చెప్పాలి. నాయనతో కలిసి పనిచేసినందుకు ఎక్కువ వాటా రావాలని చట్టంలో లేదు. జీతం ఒప్పందం ఉంటే తప్ప కోర్టులో అది నిలవడం కష్టం. కానీ అందరూ ఒప్పుకుంటే భాగపరిష్కారంలో వాటాలు ఎక్కువ తక్కువలు పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. కాబట్టి ఇది కోర్టులో కాదు, ఇంట్లో గెలవాల్సిన మాట. కోపంతో చెప్పొద్దు. ఏ ఏడు ఏ పని చేశారు, అన్నల చదువుకు, అక్క పెళ్లికి షెడ్డులోంచి ఎంత పోయింది, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. మా తమ్ముడు అట్లా రాసి అన్న చేతిలో పెట్టినప్పుడు, బెంగళూరులో మొదటి ఏడాది హాస్టలు డబ్బు ఏ విగ్రహం కూలిలోంచి పోయిందో అందులో ఉంది. అన్న ఆ వరస మీద వేలు పెట్టుకుని కాసేపు కదల్లేదు. షెడ్డు వదులుకున్నది ఆ రోజే.

కాగితాల దారి చెప్తాను. మరణ ధ్రువీకరణ పత్రం, తర్వాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం. బ్యాంకులో నామినీ పేరు ఎవరిదున్నా, నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషే గానీ సొంతదారు కాదు, అన్నల్లో ఎవరిదైనా పేరుంటే భయపడొద్దు. పంపకం నోటిమాటతో ఆపొద్దు. భాగపరిష్కార దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి, ఆ తర్వాతే రెవెన్యూ రికార్డులు 1బీ, అడంగల్లో పేర్లు మార్పించుకోండి. ఆ దస్తావేజులోనే మీ అమ్మ బతికున్నంత కాలం ఇంట్లో ఏ గదిలో ఉంటుందో, ఖర్చు ఎవరు చూస్తారో రాయించండి. మేము వంటిల్లు, దాని పక్క గది అమ్మకని రాయించాం. వకీలు “ఎందుకులే” అన్నా నేను పట్టుబట్టాను.

మీరు ఈ వారం చేయాల్సినవి మూడే. షెడ్డులో మీ నాయన లెక్కల పుస్తకం ఎక్కడుందో వెతకండి, పుస్తకం లేకపోతే గోడ మీద సుద్ద లెక్కలైనా ఫోటో తీయండి, సున్నం కొట్టించొద్దు. అన్నలతో మాట్లాడే ముందు అక్క ఇంటికి వెళ్లి రండి. ఎవరైనా నోటు తెస్తే దాని మీద తేదీ, సంతకం జాగ్రత్తగా చూసుకోండి. పొలం తాతలదా, మీ నాయన కొన్నదా, జేజి ఉన్నారా అన్న రెండూ ఇక్కడ రాస్తే, ఎవరికి ఎన్ని సెంట్లు వస్తాయో మా వకీలు నేర్పిన పద్ధతిలో లెక్క వేసి చూపిస్తాను.